"కష్టజీవి" అన్న ఒక్క మాటతో తాతని సరిపెట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి మొదట్లో చూసినా ఓ ఫ్లెక్సీ కనిపిస్తుంది. తెల్ల చొక్కా, భుజమ్మీద కండువా, ఎండకి కళ్లు చిట్లించిన ఓ పెద్దాయన. రేషన్ కార్డు కోసం ఎప్పుడో తీసిన చిన్న ఫొటోని సాగదీసి, వెనకాల మబ్బులు అతికిస్తారు. కింద పెద్దకర్మ తేదీ, భోజనాల చోటు, కొడుకులు కోడళ్లు, కూతుళ్లు అల్లుళ్లు, మనవల పేర్లు. పైన ఒక వాక్యం: కష్టజీవి, కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషి.

ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ పక్క ఊరి ఫ్లెక్సీ మీదా అదే ఉంది. ఒకాయన గోనెసంచులకి వాడే గోగునార కోసం నడుం లోతు నీళ్లలో నిలబడి బతికాడు, ఇంకొకాయన జూట్ మిల్లులో రాత్రి షిఫ్టులు చేసి బతికాడు. ఎనభయ్యేసి ఏళ్ల బతుకులు రెండూ ఒకే మాట కింద కప్పడిపోతున్నాయి. తాతని గుర్తుంచుకోవాలంటే ఆయన పనిని పూసగుచ్చినట్టు ఓ ఇంటి పుస్తకంలో రాసిపెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ తరం మగవాళ్లు ప్రేమని నోటితో చెప్పింది తక్కువ. చేతలతోనే చూపించారు. పని వివరం పోయిందంటే ఆ ప్రేమకి ఆనవాలూ పోయినట్టే.

గోగు సంగతే తీసుకుందాం. ఈ రెండు జిల్లాల గరువు (మెట్ట) భూముల్లో ఒకప్పుడు గోగు వెయ్యని రైతు తక్కువ. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం మిల్లులు నార కొనేవి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ పంటకే ప్రత్యేకంగా ఏఎంవి పేరుతో రకాలు తయారుచేసింది. "మా తాత గోగు పండించేవాడు" అని మనవడు ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. ఆ ముక్క వెనకాల ఉన్న పని ఇదీ.

తొలకరికి ఎకరాకి అయిదారు కిలోల విత్తనం. సాలుకీ సాలుకీ మధ్య అడుగు దూరం, మొక్కకీ మొక్కకీ మధ్య నాలుగంగుళాలు మిగిలేలా పలచన చెయ్యాలి. ఒత్తుగా వదిలేస్తే సన్నగా సాగి గాలికి పడిపోతాయి. మరీ ఎడంగా ఉంటే కొమ్మలేస్తాయి, కొమ్మేసిన కర్రకి నార తునకలు తునకలుగా వస్తుంది. ఎనిమిది, పది అడుగులు పెరిగాక, చేలో సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కొయ్యాలి. ముందే కోస్తే నార తక్కువ. కాయ ముదిరేదాకా ఆగితే బరువు తూగుతుంది గానీ, ముతకబారి ఊరడానికి మొరాయిస్తుంది.

కోసిన కర్రల్ని జానెడు మందం కట్టలు కట్టి మూడు నాలుగు రోజులు చేలోనే ఆకు రాలనివ్వాలి. తర్వాత చెరువు. మొదట కట్టల్ని నిలువుగా, మొదళ్లు మాత్రం మునిగేలా నీళ్లలో నిలబెట్టాలి. మొదలు దగ్గర బెరడు మందం, కొన దగ్గర పలచన. అన్నీ ఒకేసారి పడుకోబెడితే మొదలు ఊరే వేళకి కొన కుళ్లిపోతుంది. మూడు నాలుగు రోజులయ్యాక అడ్డంగా వరస మీద వరస పేర్చి, పైన రాళ్లో దుంగలో పెట్టి మొత్తం నీట మునిగేలా తొక్కిపెట్టాలి. ఇక్కడే చాలామంది దెబ్బతినేవారు. రాళ్లు మోసుకొచ్చే ఓపిక లేక మట్టిపెళ్లలు, అరటి బొందెలు వేస్తే నార నల్లబడుతుంది. నల్లనారకి ధర తెగ్గోస్తారు.

ఊరడానికి పదిహేను నుంచి ఇరవై రోజులు. నీళ్లు వెచ్చగా ఉంటే తొందరగా, చలి ముదిరితే ఆలస్యంగా. పన్నెండో రోజు నుంచి రోజూ పొద్దున్నే చెరువులోకి దిగి, మధ్య కట్టలోంచి ఓ కర్ర లాగి, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి. బెరడు జారి లోపల పుల్ల తెల్లగా నున్నగా బయటపడితే ఊరినట్టు. తొందరపడి తీస్తే నారకి బెరడు అంటుకుని మొదళ్లు గట్టిగా ఉండిపోతాయి. నాలుగు రోజులు ఏమరిస్తే నార బలం పోయి రెండు చేతులతో లాగితే తెగుతుంది. నాలుగైదు నెలల పంట విలువ ఆ నాలుగు రోజుల్లో, ఆ బొటనవేలి కింద తేలేది.

అప్పుడు నార తియ్యడం. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నీళ్లలోనే. మొదలు చెక్కతో కొట్టి, పుల్ల విరిచి, నారని చేతికి చుట్టి లాగి, తేట నీళ్లలో జాడించి, పిండి, దండెం మీద రెండు మూడు రోజులు ఆరెయ్యాలి. నేల మీద ఆరేస్తే ఇసక పడుతుంది, తడి మిగులుతుంది, వ్యాపారి తరుగు తీస్తాడు. కాలివేళ్ల సందులు ఒరిసిపోయేవి. జలగలు పట్టేవి. ఊరిన చెరువు కంపు ఒంటికి పట్టి వారాల తరబడి వదిలేది కాదు. వంద కిలోల పచ్చికర్రకి ఎండునార అయిదు కిలోలకి అటూ ఇటూ. ఎకరాకి ఆరు క్వింటాళ్ల నార వచ్చిందంటే, ఆ ఇంటి మనుషులు పన్నెండు టన్నుల పచ్చికర్రని కొడవలితో కోసి, కట్టి, మోసి, ముంచి, మళ్లీ ఎత్తారన్నమాట. నీళ్లు తాగిన కట్ట బరువు అందులో కలపలేదు.

ఫ్లెక్సీ మీది మాట పక్కన ఈ పన్నెండు టన్నులు పెట్టి చూడండి.

ఇక ప్రేమ. నార డబ్బు కార్తీకంలో, ధాన్యం ఇంకా కల్లానికి చేరకముందు ఇంట్లోకి వచ్చేది. ఏడాదిలో చేతికి నగదు ఆడే రోజులు ఆ తరానికి అవే. "తాతా, నార డబ్బు రాగానే ముందు దేనికి తీసీవోడివి?" అని అడగండి. షావుకారి పాత బాకీ, పురిటికొచ్చిన కూతురికి చీర, పట్నంలో హాస్టల్లో ఉన్న కొడుక్కి డబ్బు, ఎద్దుకి నాడాలు, ఆఖర్న తనకో పంచె. లేకపోతే పంచె ఆ యేటికి లేనే లేదు. ఆ ఖర్చుల వరసే ఆయన మనసులో ఇంట్లోవాళ్ల వరస. "కుటుంబమే ప్రాణం" అని రాసేకన్నా, ఏ ఏడు ఎవరికోసం పంచె మానుకున్నాడో రాస్తే చాలు. చదివే ముని మనవడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

పని వివరంగా రాస్తే ఇంకో మేలు కూడా ఉంది. మామ్మ కనిపిస్తుంది. "మా తాత ఎనిమిది మందిని పోషించాడు" అనే వాక్యంలో ఆవిడకి చోటు లేదు. కానీ నార జాడించిందెవరు, ఆరేసిందెవరు, ఎవరు మడతపెట్టి కట్టారు, చెరువు దగ్గరికి చోడి (రాగి) అంబలి కుండ మోసుకెళ్లిందెవరు, ఉడుపుల్లో (వరి నాట్లలో) వంగి నాటిందెవరు అని ఒక్కో మెట్టు అడుగుతూ పోతే, సగం మెట్ల మీద ఆవిడే ఉంటుంది. తాత గురించి రాసేటప్పుడు ప్రతి పనికీ పక్కన "ఎవరు చేశారు" అని ఒక గడి పెట్టుకోండి. ఆ గడి నింపకుండా రాసిన తాత జీవితచరిత్ర సగం దొంగలెక్క అని నా అభిప్రాయం.

అందరి తాతలూ రైతులు కారు. మిల్లు కార్మికుడైతే "జూట్ మిల్లులో చేశాడు" అని ఆపెయ్యకండి, ఏ డిపార్టుమెంటో, అంటే ఏ ఖాతాలోనో అడగండి. బ్యాచింగులో నారకి నూనె, నీళ్లు కలిపి మెత్తబరుస్తారు. కార్డింగులో దువ్వుతారు. స్పిన్నింగులో దారం తీస్తారు. వీవింగులో గోనెగుడ్డ నేస్తారు. మొదటి ఖాతాల్లో దుమ్ము, మగ్గాల ఖాతాలో చెవులు చిల్లులుపడే మోత. ముసలితనంలో ఆయనకి దగ్గు ఎందుకు తగ్గలేదో, మాట ఎందుకు వినిపించేది కాదో, మనం వయసు మీదకి నెట్టేసింది ఏ ఖాతాలో మొదలైందో ఆ ఒక్క ప్రశ్నతో తెలియవచ్చు. ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్లినవాళ్లు, వాళ్లకి ముందు తరంలో కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి రంగం (బర్మా) వెళ్లినవాళ్లు ఉన్నారు. 1942లో జపాన్ సేన రంగూన్ పట్టుకున్నాక కాలినడకన కొండలు దాటి వచ్చినవాళ్ల కథలు ఇప్పుడు కొడుకుల నోట కూడా కాదు, మనవల నోటే మిగిలాయి. "మా ముత్తాత రంగం వెళ్లాడట" అన్న ముక్కకి ఏ రేవు, ఏ పని, ఎన్నేళ్లు, ఎవరితో తిరిగొచ్చాడు అన్న నాలుగు మాటలు జతచెయ్యగలిగినవాళ్లు ఇంట్లో ఇంకా ఉన్నారేమో ఇవాళే చూడండి.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం తాతలది మరో రకం పని. పాతిక అడుగులకో కొబ్బరి మొక్క, అంటే ఎకరాకి డెబ్బై. మొక్కకి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి. నాటు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు, ఆ తర్వాత అరవై ఏళ్లు కాస్తుంది. ఏభై ఏళ్ల వయసులో మొక్క నాటినవాడు ఎవరికోసం నాటాడో వేరే చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయినవి అవే చెట్లు. నష్టపరిహారం కోసం చెట్లు లెక్కపెట్టిన కాగితం ఇంట్లో ఉంటే పారెయ్యకండి. తాత ఎన్ని చెట్లు నాటాడో రాసి ఉన్న ఒకే ఒక కాగితం అది కావచ్చు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ఇలా కష్టాన్ని వర్ణిస్తూ పోతే కష్టపెట్టినవాళ్లని వెనకేసుకొచ్చినట్టు కాదా అని. "కష్టజీవి" అన్న బోడి మాట రాసినప్పుడే ఆ ప్రమాదం ఎక్కువ అంటాను. ఆ మాటలో కష్టం ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. వివరం రాయండి, కష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో బయటపడుతుంది. తాత కంబారిగా (ఏడాది లెక్కన కుదిరిన పాలేరుగా) ఉన్నాడంటే ఏ బుగత (భూస్వామి) దగ్గర అన్నది ఇంటి పుస్తకం వరకూ రాసుకోండి. ఏడాదికి ఎంత ధాన్యం, ఎన్ని పంచెలు, ఏ అప్పుకి కుదిరాడు, ఆ అప్పు ఎన్నేళ్లకి తీరింది, పొద్దున్న ఎన్నింటికి పశువులశాల చిమ్మాలి, జ్వరమొచ్చిన రోజుకి ధాన్యం తగ్గించారా. వెట్టి చాకిరీని రద్దుచేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆయన కంబారీ వదిలింది దానికి ముందా తర్వాతా? తూకంలో వ్యాపారి తీసిన తరుగు మణుగుకి ఎంత? ఈ ప్రశ్నలకి జవాబులు రాసిన పుస్తకం తాతని మెచ్చుకోవడంతో ఆగదు, ఆయన పక్కన నిలబడుతుంది.

మరి ఎలా అడగాలి? "తాతా, నీ జీవితం గురించి చెప్పు" అంటే "ఏటుంది నాయనా సెప్పడానికి, పుట్టినాం, కష్టపడినాం" అని ఊరుకుంటాడు. తప్పు ఆయనది కాదు, ప్రశ్నది. జీవితం అన్నది ఎవరికీ ముద్దగా గుర్తుండదు, వస్తువులుగా, చోట్లుగా గుర్తుంటుంది. చేతిలో ఓ వస్తువు పెట్టి అడగండి. పాత కొడవలి, కావిడి బద్ద, కుంచం, మిల్లు టోకెన్ బిళ్ల, ఏదైనా. "దీన్ని ఎవరు చేశారు? ఎక్కడ పట్టుకునీవోడివి? ఎక్కడ అరిగింది?" లేదంటే ఒక్క రోజు అడగండి. నార తీసే రోజుల్లో కోడి కూసిన దగ్గర్నుంచి దీపం ఆర్పేదాకా, గంట గంటకీ. "అప్పుడు ఎలా అనిపించింది" అని అడక్కండి. ఏం చేశాడో చెప్పించండి. చెబుతూ చెబుతూ ఎక్కడో గొంతు మారుతుంది. అక్కడ మీరు మాట్లాడకూడదు. మౌనం భరించలేక తర్వాతి ప్రశ్న వేసేస్తారు చూడండి, పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేవాళ్లందరూ చేసే పొరపాటు అదే. పది సెకన్లు ఊరుకోండి. అసలు మాట ఆ తర్వాత వస్తుంది.

రికార్డింగుకి ఫోను చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆయన నోటికి అడుగు, అడుగున్నర దూరంలో, పీట మీద మడతపెట్టిన తువ్వాలు వేసి దాని మీద ఉంచండి. ఫ్యాను ఆపాలి. మనకి వినపడని ఫ్యాను చప్పుడు రికార్డులో మాటని మింగేస్తుంది. వీధరుగు మీద వద్దు, ఆటోల మోత. పొద్దున్న టీ తాగాక మంచి వేళ. సాయంత్రానికి అలసిపోతారు, పేర్లు తడబడతాయి. ఒకసారికి ముప్పావుగంట మించొద్దు. మొదటిసారి ఆయన ఒక్కరే ఉండాలి. కొడుకు పక్కన కూచుంటే "అది కాదు నాన్నా" అని సరిదిద్దడం మొదలెడతాడు. రెండోసారి మామ్మనో, తమ్ముణ్నో కూచోబెట్టండి, ఒకరి మాటకి ఒకరు కలుపుతారు. మొదలుపెట్టగానే తేదీ, ఊరు, ఎవరెవరున్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరులో తేదీ, ఆయన పేరు, విషయం ఉండాలి. "రికార్డింగ్ 17" అన్న పేరుతో వదిలేస్తే అయిదేళ్లకి అది ఎవరిదో ఎవరికీ తెలీదు. మూడు చోట్ల దాచండి: ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవులోనో హార్డ్ డిస్కులోనో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఒకటి. ఫొటోలు, కాగితాల బొమ్మలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

రికార్డు చేసేసి ఆగిపోతే చాలదు. వీడియో ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. గంట వీడియోలో గోగునార మాట ఏ నిమిషంలో ఉందో వెతికి వినే మనవడు పుట్టడు. కాగితం మీద రాయాలి. గంట మాటని రాయడానికి అయిదారు గంటలు పడుతుంది, ఓపిక కావాలి. రాసేటప్పుడు ఆయన మాటని ఆయన మాటగానే ఉంచండి. "ఎల్లినాం", "ఏటి సేస్తాం" అన్నవాటిని "వెళ్లాము", "ఏమి చేయగలము" అని దిద్దకండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు మనుషులు మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడాడు. కొండల్లోని సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన పుట్టిన గడ్డ మీదే తాత మాటని సంస్కరించి రాయడం అన్యాయం. అర్థం కాదనిపించిన మాటకి పక్కన వివరం రాయండి, చాలు. కంబారి, గరువు, చోడి, ఉడుపు లాంటి మాటలు పట్నంలో పెరిగిన పిల్లలకి తెలియవు.

ఏళ్ల లెక్క మరో చిక్కు. ఈ తరం తాతలకి పుట్టినతేదీ కాగితం ఉండదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. బడి రిజిస్టరులో, ఆ తర్వాత ఆధార్‌లో ఉన్న తేదీ చాలాసార్లు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసినది. జూలై 1 అని కనిపిస్తే అనుమానించండి. తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటే పని సులువు. అరవై ఏళ్ల వరసలో దాని సంఖ్యకి 1926 కలపండి. ప్రభవ ఒకటి, అంటే 1927. చిత్రభాను పదహారు, 1942. వికృతి ఇరవై నాలుగు, 1950. ఉగాదికి ఏడు మారుతుంది కాబట్టి మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్లకి ఇంకో ఏడు కలపాలి. వికృతి మాఘమంటే 1951 అవుతుంది.

సంవత్సరం పేరు కూడా తెలియకపోతే ఊరందరికీ తెలిసిన సంగతులకి ముడిపెట్టండి. విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డ రోజు 1942 ఏప్రిల్ 6, అప్పటికి నడిచే పిల్లాడా? శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, బడికెళ్తున్నాడా? నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, అప్పటికి కూలి అణాల్లో తీసుకునేవాడా పైసల్లోనా? విజయనగరం జిల్లా అయింది 1979 జూన్ 1న, పెద్దకొడుకు అప్పటికి ఏ తరగతి? 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక రెండు రూపాయల బియ్యం ఇంటికి వచ్చినప్పుడు తినేవాళ్లు ఎంతమంది? ఇలా అయిదారు మేకులు కొడితే బతుకంతా ఒక దారానికి వస్తుంది. రెండు చోట్ల లెక్క తప్పితే కంగారుపడకండి, రెండూ రాసి ఉంచండి.

కొలతల్లో కూడా ఇదే జాగ్రత్త. వీశె అంటే 120 తులాలు, ఇంచుమించు కిలో నాలుగు వందల గ్రాములు. ఎనిమిది వీశెలు మణుగు, అంటే పదకొండు కిలోలు దాటుతుంది. ఇవి అచ్చు పుస్తకం లెక్కలు. గింజలు కొలిచే కుంచం, అడ్డ, తవ్వ మాత్రం ఊరు ఊరుకీ మారతాయి. ఇంట్లో పాత కుంచం ఉంటే దాని నిండా ధాన్యం పోసి తూచి, ఎన్ని కిలోలో రాయండి. "రోజుకి రెండు అడ్డల గింజలు కూలి" అన్న మాటకి అప్పుడు గానీ అర్థం రాదు.

తాత లేకపోతే కాగితాల్ని అడగాలి. భూమి ఉన్నవాళ్లకి పాసుపుస్తకం, అడంగల్ (సాగు లెక్క), 1బి (భూమి హక్కుల నకలు), సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం). ఈ జిల్లాల్లో చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి రాసిన సెట్లుమెంటు ఫెయిర్ అడంగల్‌లో, వాడుకలో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు, ముత్తాత పేరు సర్వే నంబరు పక్కన దొరకవచ్చు. చాలా కుటుంబాల్లో ఒక మనిషి పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కడం అదే మొదలు. భూమి లేనివాళ్ల కాగితాలు వేరే పెట్టెలో ఉంటాయి: మిల్లు పీఎఫ్ చీటీ, ఈఎస్‌ఐ కార్డు, సంఘం చందా రసీదు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు. జాబ్ కార్డులో ఏ వారం ఎన్ని రోజులు మట్టి పని చేశాడో కూడా ఉంటుంది. అరవై దాటిన మనిషి మే నెల ఎండలో తవ్విన చెరువు పేరు అందులో ఉంటుంది, దాన్ని వదులుకుంటామా?

పేర్లతో ఇబ్బంది వస్తుంది. రేషన్ కార్డులో అప్పలసూరి, పాసుపుస్తకంలో సూర్యనారాయణ, ఊళ్లో సూరి, ముగ్గురూ ఒక్కరే. పుస్తకం మొదటి పేజీలోనే అన్ని పేర్లూ, ఏది ఏ కాగితంలో ఉందో రాయండి. మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. ముప్పై రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది, ఆ పైన అనుమతులు కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. కర్మకాండల హడావిడిలో పేరు అక్షరాలు చూసుకోకుండా సంతకం పెట్టేస్తారు, ఆ తర్వాత ఏ కాగితంతోనూ కుదరక మామ్మ పింఛను దగ్గరా, బ్యాంకు ఖాతా దగ్గరా తిరగాల్సొస్తుంది.

పాత కాగితాలకి లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకి కాగితం ఇంకా పాడవుతుంది, మళ్లీ విడదియ్యడం కుదరదు. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, అసలుని పొడి కవరులో పెట్టి, నేలకి ఆనకుండా, చెదలు చేరని చోట దాచండి. గోడ మీది ఫొటో చెమ్మకి అద్దానికి అతుక్కుపోతే ఊడబెరకొద్దు, మొహమే ఊడొస్తుంది. అద్దంతో సహా, వెలుగు పక్కనుంచి పడేలా ఫొటో తియ్యండి. విడి ఫొటోల వెనక పెన్సిలుతో మెల్లిగా రాయండి. పెన్ను ఒత్తు ముందువైపు తేలుతుంది.

ఆయన చెప్పొద్దన్నది రాయకండి. అన్నదమ్ముల పంపకాల గొడవ, ఎవరికో ఇచ్చి రాని అప్పు, పోయిన బిడ్డ సంగతి వస్తే రికార్డింగు ఆపమంటారా అని ముందే మీరే అడగండి. పొలం గట్ల తగాదాలు ఈ పుస్తకంలోకి వద్దు. "తాత ఇలా చెప్పాడు" అని రేపు ఎవరో దీన్ని సాక్ష్యంలా చూపిస్తే, గుర్తుంచుకోవడానికి రాసిన పుస్తకమే ఇంటిని విడగొడుతుంది.

"చదువు లేని మనిషి, రాయడానికేముంది" అన్న మాట ఇంకా వినిపిస్తోంది, అదీ చదువుకున్న కొడుకుల నోట. ఊరిన కర్రని బొటనవేలితో నొక్కి రేపు తియ్యాలా ఎల్లుండా అని తేల్చిన మనిషికి చదువు లేదనడం నాకు నచ్చదు. ఆ చదువు పుస్తకంలోకి ఎక్కలేదు, అంతే. ఎక్కించాల్సింది చదువుకున్న మనవలు.

మన దగ్గర సంక్రాంతిని పెద్దల పండగ అంటాం. పోయినవాళ్ల ఫొటోల ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ వడ్డించి మొక్కుతాం. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి అందరూ ఇంటికి చేరే రోజులు అవే. ఆ మూడు రోజుల్లో ఓ మధ్యాహ్నం పుస్తకం తీసి, రాసినంతవరకూ గట్టిగా చదవండి. తాత ఉంటే ఆయన ముందు, లేకపోతే మామ్మ ముందు, ఆయన తోటివాళ్లని పిలిచి వాళ్ల ముందు. "ఆ యేడు కాదు, దాని ముందు యేడు", "ఆ సెరువు కాదు, కింద సెరువు" అని మధ్యలో ఆపుతారు. ఆపనివ్వండి. వాళ్లు దిద్దిన చోట పాత మాట కొట్టెయ్యకుండా, పక్కనే వేరే రంగు సిరాతో కొత్త మాట రాసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో వెయ్యండి. అందుకే రాసేటప్పుడే ప్రతి పేజీకీ కుడివైపు మూడు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి.